ఎవరికి సఫిషియెంట్?

గరిడేపల్లి దగ్గరి తండాలో సాలికి రెండెకరాల వరి. పైరు పొట్ట మీదుంది, కంకి తీసే వేళ. మూడు రోజుల్లో తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు, అంతా తాలే, ఉత్త పొట్టే. కాలువకు ఆమెదే చివరి పొలం. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే ఆమెకు నీళ్లు. ఈసారి మిగల్లేదు.

మిర్యాలగూడ వెళ్లి ఆఫీసులో అర్జీ పెట్టింది. ఇంజినీరు కంప్యూటర్ చూసి, మీ కాలువకు మూడు వారాలుగా నీళ్లు సఫిషియెంట్ అనే ఉంది, ఇంకేం ఇవ్వాలన్నాడు. ఆ మాటకు అర్థమేంటని బయట గుమాస్తాను అడిగింది. సరిపోయాయని అన్నాడతను.

కాలువ రిజిస్టర్లో ఆ మాట రాసింది లష్కర్ గట్టయ్య. తూములు ఎత్తి దించే మనిషి. ఇంగ్లీషు రాదు. పోయిన వారం పేజీ చూసి ఆ పది అక్షరాలూ ఒక్కొక్కటిగా దించుతాడు, ఇరవై ఏళ్లుగా. పై తూము దగ్గర కర్ర ముంచుతాడు, తడిస్తే చాలు. చివరిదాకా నడవమని ఏ ఆఫీసరూ అడగలేదు. అడగనిది ఎవడు చేస్తాడు?

సాలి అతన్ని తూము దగ్గరే పట్టుకుంది.

"అన్నా, నీళ్లు సరిపోయినయని రాసినవట. ఎవరికి సరిపోయినయ్?"

కాలువకు, అన్నాడు గట్టయ్య.

"కాలువ వరి ఏసిందా? నడువ్, నా మడిల ముంచు నీ కర్ర."

ఎండన్నాడు, మోకాలన్నాడు. ఆమె కర్ర లాక్కుని నడిచింది. కర్ర కోసం అతనూ వెనకే నడిచాడు, నాలుగు కిలోమీటర్లు. మడిలో కర్ర దిగలేదు. నెర్రెల్లో అతని కాలివేలు ఇరుక్కుంది.

"రాయి" అంది సాలి.

"దీనికి ఇంగ్లీషు మాట నాకు రాదు, సెల్లే."

"తెలుగుల రాయి. సదివేటోళ్లే తిప్పల పడతరు."

చివరి పొలాలకు చుక్క రాలేదు అని రాసి సంతకం పెట్టాడు. మర్నాడు ఇంజినీరు ఫోన్ చేసి మార్చమన్నాడు. మార్చనన్నాడు గట్టయ్య. మెమో వచ్చింది.

నీళ్లు మాత్రం పదో రోజుకు వచ్చాయి. ఇంజినీరు జీపు దిగి, నిండిన మడిని ఫోటో తీసుకున్నాడు. సాలి ఒక తెల్ల కంకి తెంపి అతని అరచేతిలో నలిపింది. పొట్టు తప్ప ఏమీ రాలలేదు.

"ఇది గూడ ఫోటో తీస్కో సారూ" అంది.