హలో మీద నిలబడ్డ అత్తగారు

ఫైర్ స్టేషన్‌లో ఫోన్లు ఎత్తేవాళ్లు డ్యూటీ ఎక్కగానే గోరువెచ్చని నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకుంటారు. పెట్టుకోరూ మరి! మంటల్లో చిక్కుకున్నవాళ్లకి ఫోన్‌లో ధైర్యం చెబుతుంటే ఒక్కో మాటా అక్కడ కిటికీ బయట గాలిలో ఒక్కో మెట్టవుతుంది. స్పష్టంగా పలికితే గట్టి మెట్టు. నమిలితే ఊగుతుంది. మింగేస్తే అసలుండదు. స్టేషన్‌లో అందరికంటే సీనియరైన పెద్దాయన మాటల మీద మంచం మోసుకుని కూడా దిగవచ్చని చెప్పుకునేవారు.

ఆ మధ్యాహ్నం కొత్తగా చేరినామె ఫోన్ ఎత్తి హలో అంది. అవతల దగ్గు. వినగానే పోల్చుకుంది. అది అత్తగారి దగ్గు. మూడో అంతస్తులో ఇల్లు, మెట్లదారి నిండా మంట, చంకలో ఈమె కన్న పసిపాప. ఫైరింజన్ ఇంకా దారిలోనే ఉంది.

కోడలి గొంతు గుర్తుపట్టి అత్తగారు నిట్టూర్చింది. "నువ్వా? నీ నసుగుడు మీద నేను కాలు పెట్టాలా? ఆ పెద్దాయనకివ్వు ఫోను."

ఇంట్లో ఆవిడ ముందు ఈమెకి ఏ మాటా పూర్తిగా పెగలదు. పెద్దాయన చెయ్యి చాచాడు, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. మొదలుపెట్టిన గొంతు మారితే వేసిన మెట్లన్నీ మాయమవుతాయి. అత్తగారేమో సెగ తట్టుకోలేక అప్పటికే కిటికీ దాటి, కోడలి హలో మీద నిలబడి దెబ్బలాడుతోంది.

కోడలు రెండు చేతులూ బల్లకి ఆనించింది. "కుడికాలు. కిందికి. మెల్లగా."

ఆవిడ దిగుతూనే సణిగింది, మెట్లు ఇరుకట, ఎత్తట. రెండో అంతస్తు దగ్గర పాప ఏడ్చింది. "పాప..." అనబోయి కోడలు మాట సగంలో మింగేసింది. సగం మెట్టు. ఆవిడ చెప్పు జారి కింద పడిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

క్షమించమని అడగాలనిపించింది ఆమెకి. కానీ ఆ మాట వణుకుతుందని తెలుసు. దేవుడు ఎవరి గొంతులో ఎప్పుడొచ్చి నిలబడతాడో మనకేం తెలుసండీ!

"అత్తయ్యా, పోట్లాట కిందికొచ్చాక. ఇప్పుడు నోరు ముయ్యండి. పాపని గట్టిగా పట్టుకోండి. కాలు దించండి."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడతో అలా ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ నోరు మూసింది. కాలు దించింది. కోడలు ఒక్క అక్షరం కూడా తొందరపడకుండా చెబుతూనే ఉంది, చెబుతూనే ఉంది.

ఫోన్‌లో సైరన్ వినిపించింది. తర్వాత పాప గుక్కపట్టిన ఏడుపు. చాలాసేపటికి అత్తగారి గొంతు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా.

"నేల మీదున్నాం అమ్మాయ్. ఇప్పుడెటు వెళ్లాలో చెప్పు."