నేను రాసిన పదహారు పేజీలు

మొదట్లో నా చేతిలో ఉన్నవి నలభై పుస్తకాలు. ఒక్కదానికీ ముగింపు లేదు.

అవి 'గాజు నగరం' పదో భాగం కాపీలు. ఆఖరి భాగం అదే. గాలి లేని గ్రహం మీద గాజు గోపురం కింద పుట్టి, దాని కిందే చచ్చే జనం కథ. చవక కాగితం, చవక అట్ట, చవక ఉపమానాలు. నా అద్దె పుస్తకాల షాపు నిలబడింది ఆ సిరీస్ మీదే. తొమ్మిదో భాగం చివర గోపురానికి పగులు వస్తుంది, ద్వారపాలకుడు బయటి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేస్తాడు, అంతే, అక్కడ ఆపేశారు. ఏడాదిన్నర పాటు వచ్చిన ప్రతివాడూ "తలుపు తీశాడా లేదా?" అని నన్నే అడిగేవాడు, గొళ్ళెం నా చేతిలో ఉన్నట్టు.

పదో భాగం బయటికొస్తూండగానే ప్రచురణ సంస్థ మూతపడింది. మంచి కాపీలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. బైండింగు చేసేవాడి దగ్గర మిగిలిన నలభై, పాత కాగితాల కింద తూకానికి తెచ్చుకున్నాను. విప్పి చూస్తే ఒక్కదానిలోనూ ఆఖరి ఫారం లేదు. ఫారం అంటే పదహారు పేజీలు.

చిరిగిన సరుకు చేతికొస్తే వ్యాపారికి రెండే దారులు. ధర తగ్గించి అమ్మాలి, లేదా అతుకు వెయ్యాలి. నేను అతుకు వేశాను. మూడు రోజులు కూర్చుని ఆ పదహారు పేజీలూ నేనే రాశాను. నాయకుణ్ణి చంపితే పాఠకుడు దిగులుపడి వారం రోజులు షాపు వైపు రాడు. అందుకని చంపలేదు. ద్వారపాలకుడు తలుపు తీస్తాడు, శిరస్త్రాణం తీసేస్తాడు, బయట గాలి ఉంది! వందేళ్ళుగా పెద్దలు చెప్పింది అబద్ధం. అట్టల దుమ్ముకి నేను తుమ్ముతూ రాస్తున్నాను కాబట్టి వాడి చేత కూడా ఒక తుమ్ము తుమ్మించాను. కరపత్రాలు వేసే ప్రెస్సులో అచ్చు వేయించి నలభై కాపీలకూ కుట్టించేశాను. ప్రెస్సాయన ఎవరికీ చెప్పలేదు, తర్వాత కొన్నాళ్ళకి పోయాడు. ఊరు ఊరంతా చదివి సంతోషించింది. సరుకు కదిలింది. ఆ లెక్క అక్కడితో మూసేశాననుకున్నాను.

ముప్పై రెండేళ్ళ తర్వాత సినిమా వచ్చింది.

మొదటి ఆట చూడ్డానికి నన్ను లాక్కెళ్ళింది పక్క గది టైలరు. మేం ఒకరినొకరు బావా అనుకుంటాం. చుట్టరికమేమీ లేదు. ఒకే ఏడు పక్కపక్క గదుల్లో దిగాం, ఇద్దరికీ ఒకటే గోడ, ఒకటే కరెంటు మీటరు. కాజాలు కుడుతూ ఆయన ఆ పది భాగాలూ ఎన్నిసార్లు చదివాడో నాకూ లెక్క తెలీదు. హాల్లో మా సీట్లు వరస మధ్యలో దొరికాయి. అటు పన్నెండు జతల మోకాళ్ళు, ఇటు పన్నెండు జతలు. తెర మీద ద్వారపాలకుడు తలుపు దాటి బయటికెళ్ళాడు, బయటినుంచి గొళ్ళెం పెట్టేశాడు, లోపల జనం బతకడానికి తాను గాలి అందక చచ్చిపోయాడు. అసలు రచయిత రాసిన ముగింపు నేను చూడ్డం అదే మొదలు. లేచి వెళ్ళిపోదామంటే దారి లేదు.

పక్కనుంచి బావ నా మోచెయ్యి పొడిచాడు. "అదేంటి బావా, తుమ్మలేదు?"

మర్నాటి నుంచి షాపు కిటకిటలాడింది. నా షాపు పద్నాలుగడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఉన్నది ఒకటే తలుపు. పుస్తకాలు చంకలో పెట్టుకుపోయేవాళ్ళని కనిపెట్టడానికి నా కుర్చీ లోపలి కొసన వేసుకున్నాను. లాభం సరే, నష్టం ఏమిటంటే జనం నిండితే వాళ్ళు కదిలేదాకా నేను కదల్లేను.

"అదరగొట్టాడండీ," అన్నాడు ఎదురు వరసలో జిరాక్సు షాపు కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటాయి, పిలుపు మారలేదు. "బయటినుంచి గొళ్ళెం పెడుతుంటే హాల్లో ఒక్కడు కిక్కురుమనలేదు."

"నా పక్కవాడు గుర్రుపెట్టాడు," అన్నారు లెక్కల మాస్టారు. రిటైరై పదేళ్ళయినా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే మాట్లాడతారు. "పది పుస్తకాలు రెండున్నర గంటల్లో కుక్కితే అంతే మరి. గోపురం బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద పెట్టలేదు."

"పుస్తకాల్లో మాత్రం మనుషులున్నారేంటి మాస్టారూ? పేజీకో పేలుడు, రెండు పేజీలకో స్పృహ తప్పడం."

"ఆ పేలుళ్ళతోనే మీవాళ్ళందరికీ చదవడం వచ్చింది, మర్చిపోకు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. గోపురం ఎత్తు ఒక భాగంలో రెండు మైళ్ళు, ఇంకో భాగంలో అరమైలు. సినిమావాడు లెక్క సరిచేశాడు."

"అవన్నీ సరే," అన్నాడు బావ గుమ్మంలోంచి, మెళ్ళో టేపు వేలాడుతూ. "తుమ్మేదీ?"

అందరూ తిరిగి చూశారు. బావ రెండు చేతులతో శిరస్త్రాణం తీసినట్టు చూపించాడు. "తలుపు తీస్తాడు. గాలి ఉంటుంది. 'వందేళ్ళ తర్వాత ఆ నేల విన్న మొదటి మనిషి చప్పుడు ఒక తుమ్ము.' ఇదీ వాక్యం. దీన్ని తీసేసి మనిషిని చంపుతాడా?"

జిరాక్సు కుర్రాడు పగలబడి నవ్వాడు. "జలుబు చేసి బతికాడంటావా బాబాయ్?"

"ఉండవోయ్. నాకూ తుమ్మేదో లీలగా ఉన్నట్టే ఉంది," అన్నారు మాస్టారు. తర్వాత నా వైపు చూశారు. "ఏమయ్యా, నువ్వు చెప్పాలి. ఏది నిజం?"

కక్కలేను, మింగలేను. "ఎన్ని వేల పుస్తకాలు చేతులు మారాయో మాస్టారూ, ఏవని గుర్తుంటాయి?" అన్నాను.

మూడు రోజులకి సినిమా పేరు చెప్పి పది భాగాలూ కొత్తగా అచ్చేశారు. మాస్టారు పదో భాగం కొనుక్కొచ్చి నా బల్ల మీద పెట్టి చివరి పేజీ తీశారు. సినిమాలో ఉన్నట్టే ఉంది. తుమ్ము లేదు.

"నాకు గుర్తొచ్చింది వేరే నవలై ఉంటుంది," అన్నారాయన, అద్దాలు తీసి తుడుచుకుంటూ. "అచ్చులో లేనిది ఎలా గుర్తుంటుంది?"

అప్పటిదాకా బావ పక్షాన ఉన్న నలుగురైదుగురు కూడా ఆ కొత్త పుస్తకం చూసి తమ జ్ఞాపకాన్ని తామే వెనక్కి తీసుకున్నారు. బావ ఒక్కడే తీసుకోలేదు. "అయితే అచ్చు తప్పు," అన్నాడు. దాంతో నవ్వు ఇంకా పెరిగింది. రోడ్డు మీద వెళ్తుంటే వెనకనుంచి పిల్లలు తుమ్మడం మొదలుపెట్టారు.

ఆ వారం బావ కూతురు నా దగ్గరికి వచ్చింది. రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తుంది, ఏదైనా రాసి పెట్టుకునే మనిషి. చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది.

"మావయ్యా, డాక్టరుగారు నాన్న మర్చిపోతున్నవన్నీ రాయమన్నారు. మొన్న ఒకే చొక్కాకి రెండు కుడి చేతులు కుట్టాడు. ఇంటికొచ్చే దారిలో ఒకసారి రెండు సందులు దాటేసి వెళ్ళాడు. ఇప్పుడీ తుమ్ము. లేనిది ఉందనడం మర్చిపోవడం కన్నా చెడ్డదట. నిజం చెప్పు మావయ్యా, అలాంటి ముగింపు ఎప్పుడైనా ఉందా? ఉందంటే దీన్ని కొట్టేస్తాను. లేదంటే ఇక కత్తెర చేతికివ్వకూడదన్నారు. షాపు మూసి మా ఇంటికి తీసుకుపోతాను."

నా లెక్క చెబుతాను, దాచను. ఉందంటే ముప్పై రెండేళ్ళు దొంగ సరుకు అద్దెకిచ్చినవాణ్ణవుతాను. సినిమా పుణ్యమా అని జనం పాత పుస్తకాల కోసం మళ్ళీ వస్తున్న రోజులవి. లేదంటే బావ గది ఖాళీ అవుతుంది. మధ్య గోడ కొట్టించి రెండు గదులూ ఒకటి చేసుకోవాలని నేను పన్నెండేళ్ళుగా ఓనరు చుట్టూ తిరుగుతున్నాను.

"వయసు మీద పడింది కదమ్మా," అన్నాను.

ఉందనలేదు, లేదనలేదు. ఆ అమ్మాయి మాత్రం నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బావ కుట్టుమిషను తీసుకుపోవడానికి ఆటో ట్రాలీ వచ్చింది. అప్పటికి నా షాపులో జిరాక్సు కుర్రాడూ మాస్టారూ, రెండో సినిమా తీస్తే నాయకుణ్ణి ఎలా బతికించాలా అని వాదించుకుంటున్నారు. బావ లోపలికొచ్చాడు, వెనక కూతురు. మెళ్ళో టేపు లేదు. టేపు లేని ఆయన మెడని నేను చూడ్డం అదే మొదలు. గది తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు.

"తీసుకో బావా. ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నావుగా. ఓనరుకి చెప్పేశాను."

తాళంచెవి ఇంకా వెచ్చగా ఉంది.

"పుస్తకం పోతే పోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "అది కాదు నా బాధ. లేనిది ఇంత బాగా గుర్తుంటే, ఇక ఉన్నది ఏదని నమ్మను? మీ అక్కయ్య ఆసుపత్రిలో ఆఖరిరోజు నాతో ఒక మాట అంది. పదేళ్ళుగా దాన్ని పట్టుకుని బతుకుతున్నా. అది కూడా అందో, నేనే కల్పించుకున్నానో. ఎవర్నని అడగను?"

మీ అక్కయ్య అన్నది వాళ్ళావిణ్ణి. చుట్టరికం లేకపోయినా ఆ మనిషి నన్ను తమ్ముడూ అనే పిలిచింది.

గుమ్మం వైపు చూశాను. మధ్యలో నలుగురు మనుషులు, రెండు వైపులా పైకప్పు దాకా పుస్తకాలు. కూర్చున్న చోటునుంచే కిందికి వంగి, అన్నిటికన్నా అడుగు అరలో పాత రిజిస్టర్ల వెనక నుంచి ఒక కాపీ లాగాను. అద్దెకి తిరిగి తిరిగి చిరిగిపోగా నలభైలో మిగిలింది అదొక్కటే.

"ఉంది," అన్నాను. "తుమ్ము ఉంది. రాసింది నేను."

మొత్తం చెప్పాను. కూతురు పుస్తకం అందుకుని చివర తిప్పి చూసింది. ఆఖరి పదహారు పేజీల కాగితం వేరు, అక్షరాల సైజు వేరు. గుడ్డివాడికి కూడా వేలికి తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ గమనించలేదు. కథలో పడ్డవాడు కాగితం చూడడు. ఆ అమ్మాయి వాక్యం పైకి చదివింది. బావ చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు.

"అంటే నేను ఏడ్చింది నీ రాతకా?" అన్నారు మాస్టారు.

"ఏడ్చారా మాస్టారూ?" అన్నాడు జిరాక్సు కుర్రాడు.

"నువ్వు నోర్ముయ్."

బావ మాత్రం పుస్తకం వంక చూడలేదు. నన్నే చూస్తున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను, లేదా చెంప మీద కొడతాడనుకున్నాను. ఆ రెండింటికీ సిద్ధపడే ఉన్నాను.

"సినిమా వచ్చి ఎన్ని రోజులైంది?" అన్నాడు.

"పదకొండు."

"పదకొండు రోజులు. నేను పిచ్చివాణ్ణవుతుంటే ఈ కుర్చీలో కూర్చుని చూశావు." నా అరచేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు. "పదమ్మా. ఆటో పంపించెయ్."

ఇది జరిగి నెల దాటింది. మాస్టారు నా షాపుకి రావడం మానేశారు. ఆయనతో పాటు పాత చందాదారులు పదిమంది దాకా మానేశారు. కొందరు కొత్తవాళ్ళు ఆ ఒక్క కాపీ చూపించమని వస్తారు, చూసి నవ్వుకుని పోతారు, ఏమీ తీసుకెళ్ళరు. గది ఇక దొరకదు. ఓనరు ఆ మాట ఎత్తవద్దన్నాడు. బావ ఎదురుపడితే "ఏవండీ" అంటాడు. ముప్పై ఏళ్ళు దాటిన పిలుపు పోయింది. దాన్ని నేను అడగలేను, ఆయన ఇవ్వడు. పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఏడుదాకా ఆయన గోడకి అటు కూర్చుంటాడు, నేను ఇటు కూర్చుంటాను. లేచి వెళ్ళిపోవడానికి ఇద్దరికీ ఇంకో చోటు లేదు.

నిన్న ఆయన కూతురు వచ్చింది, మావయ్యా అనకుండానే మాట్లాడింది. తుమ్ము విషయం నోటుపుస్తకంలో కొట్టేసిందట. చొక్కా చేతుల విషయం, సందుల విషయం అలాగే ఉన్నాయట. అవి అబద్ధం కాదు కదా. మొత్తం చూసి డాక్టరు, ఇప్పుడే షాపు మూయించక్కర్లేదు, ఆరు నెలల తర్వాత మళ్ళీ తీసుకురండి అన్నాడట.

నష్టాలు పైన రాశాను. లాభం కింద ఉన్నది ఆ ఆరు నెలలే. అవీ నావి కావు.