చందుర్తి జొన్నచేను

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో బాలమల్లు చేతికి తీరిక ఉండేది కాదు. కొత్తూరు దాకా వెంచర్ వేసిన ప్రతివాడికీ ఆఫీసులో గాజుపెట్టె కింద ఒక మోడల్ కావాలి. ప్లైవుడ్ మీద థర్మాకోల్ అతికించి, రంపపు పొట్టుకు పచ్చరంగు పట్టించి, స్పాంజి ముక్కలతో చెట్లు నిలబెట్టి ఇచ్చేవాడు. రెండేళ్లు తిరిగేసరికి ప్లాట్ల అమ్మకాలు ఆగాయి, వాటితో మోడళ్లూ ఆగాయి. బాలమల్లు తన లెక్క తాను వేసుకున్నాడు. చేతిలో పని మిగిలింది, చేయించుకునేవాడు మిగల్లేదు.

దుకాణం ఉన్న షటరు గది తమ్ముడు మొగులయ్యది. భూములు ఇప్పించే పనిలో ఉన్న మొగులయ్యకు హైవే పక్క జాగా ఊరికే పడి ఉంటే కడుపు రగిలిపోతుంది.

"ఆదివారం దాక చూస్త అన్నా. గీ బొమ్మల పని నిజంగ నడుస్తదంటే ఉంచుకో. లేకుంటే చికెన్ సెంటర్ ఆయనకు ఇచ్చేస్త. రోజూ ఫోన్ చేస్తుండు."

"ఆయన కోళ్లు కోస్తడు, నేను కొండలు కోస్త. ఇద్దరిదీ కత్తిపనే గద."

"కోళ్లు కొంటరు. కొండలు కొనేటోడేడి?"

కొనేవాడు ఒక్కడే ఉన్నాడు, భీమశంకరరావు. విమానాశ్రయం కార్గోలో ఉద్యోగం, సొంతూరు పిఠాపురం దగ్గర. ఆదివారాల్లో స్నేహితులతో కలిసి బల్ల మీద పాతకాలపు యుద్ధాలు ఆడతాడు. అంగుళమెత్తు సీసపు సైనికులు, పాచికలు, దూరం కొలవడానికి టేపు. ఈసారి వాళ్ల ఊరి పక్కనే ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడిన చందుర్తి యుద్ధం ఆడాలట. దానికి బల్ల మీద పరిచే నమూనా నేల కావాలి. "మధ్యలో జొన్నచేను ఉండాలండీ, అదే ముఖ్యం. ఇది కుదిరితే ఇంకో మూడు యుద్ధాలకు నేల మీరే చేయాలి," అన్నాడు. మూడు యుద్ధాలంటే ఏడాది పని. బాలమల్లు బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున భీమశంకరరావు చూడడానికి వచ్చాడు. గట్ల మీద ఎండిన గడ్డినీ, బండి చక్రాల గాడినీ, బీటలువారిన మట్టి రంగునూ వేలితో తాకి మెచ్చుకున్నాడు. జేబులోంచి నలుగురు సైనికులను తీసి చేను వెనక నిలబెట్టి, బల్ల అంచుకు కళ్లు ఆనించి చూశాడు.

"బాలమల్లుగారూ, వీళ్లు కనిపిస్తున్నారండీ."

"కనవడాలనే గద సార్, చేను పొట్టిగ పెట్టిన. పెద్దగుంటే మీ బొమ్మలెట్ల కనవడ్తయి?"

"కనపడకూడదండీ. ఆరోజు ఇంగ్లీషు దొరలు జొన్నచేను చాటున దాక్కున్నారు. వాళ్ల కొలువులో ఎర్రకోట్లు తొడిగిన మన సిపాయిలు చేను పక్కన కనపడేలా నిలబడ్డారు. ఫ్రెంచివాళ్లు సిపాయిలనే దొరలనుకుని వాళ్ల మీదికి పోయారు. చేనులోంచి అసలు దొరలు బయటపడ్డారు. యుద్ధమంతా ఆ చేనులోనే ఉందండీ." సైనికులను ఏరి జేబులో వేసుకున్నాడు. "రేపు సైన్యంతో వస్తాను. చేను నిలబడితే తీసుకుంటాను, లేకపోతే ఏమీ అనుకోకండి."

ఆయన వెళ్లాక బాలమల్లు చేను ముందుకు కుర్చీ లాక్కున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలుసు. వెంచర్ పనిలో మొదట పీకేది పైరునే. హద్దురాయి కొనేవాడి కంటికి కనపడాలి. ఇన్నేళ్లూ చేలను చదును చేసి చూపించిన చెయ్యి, ఈ చేనునూ చదును చేసింది.

చీపురు పుల్లలు కోసి గుచ్చాడు. ఒకటి నిలబడితే పక్కది ఒరిగింది. ఫెవికాల్ ఆరేలోపు అన్నీ గాలివానకు పడ్డ పైరులా తయారయ్యాయి.

ఇంతలో మొగులయ్య టేపు పట్టుకుని షటరు కొలవడానికి వచ్చాడు. బయట వాన. గడపలో డోర్‌మ్యాట్ మీద ఎర్రమట్టి కాళ్లు బరబరా రుద్దాడు. కాలు పడ్డచోట కొబ్బరిపీచు వంగింది, కాలు తీయగానే నిటారుగా లేచింది.

"కాలు తియ్," అన్నాడు బాలమల్లు.

"ఏందన్నా?"

"జర పక్కకు జరుగు."

డోర్‌మ్యాట్‌ను దులిపి, బల్ల మీద బోర్లా వేసి, వెనక నుంచి బ్లేడుతో కోయడం మొదలుపెట్టాడు.

"గది నేను తెచ్చింది గద."

"షటరు నీది, డోర్‌మ్యాటు నీది. చేను నాది."

పొట్టిచేనును పెకలించి ఆ ముక్కను అక్కడ అతికించాడు. కింద మట్టిరంగు, మీద ఎండు ఆకు రంగు, చివర్లకు కంకుల రంగు అద్దాడు. మ్యాటు మీది వెల్‌కం అన్న అక్షరాల్లో ఒకటి మాత్రం ఎంత పూసినా లీలగా కనిపిస్తూనే ఉంది.

ఆదివారం భీమశంకరరావు సైన్యాన్ని దించాడు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ మొగులయ్య కూడా వచ్చాడు. అతన్ని గోడవైపు తిరిగి నిలబడమని చెప్పి, భీమశంకరరావు సైనికులను సర్ది మళ్లీ పిలిచాడు.

"మీరు ఫ్రెంచి దొర అనుకోండి. ఇంగ్లీషు దొరలు ఎక్కడున్నారు?"

మొగులయ్య వంగి, ప్లాటు హద్దు చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. "గా మూలకున్నరు. ఎర్ర అంగీలోళ్లు."

"పోండి మరి."

మొగులయ్య తన దళాన్ని ముందుకు నెట్టాడు. అది చేను పక్కకు రాగానే భీమశంకరరావు జొన్నల్లోంచి ఒక్కొక్క దొరనే వేళ్లతో బయటికి తీసి నిలబెట్టాడు. వాళ్లు బయటికి వస్తూనే ఉన్నారు.

"చేను ఖాళీ అనుకున్న," అన్నాడు మొగులయ్య.

"ఎప్పుడన్న చేన్ల దిగి చూసినవా? రోడ్డు మీదనే నిలవడి బేరం చేస్తివి," అన్నాడు బాలమల్లు.

భీమశంకరరావు నవ్వి, నేలను కారులోకి ఎక్కించడానికి పాత దుప్పటి అడిగాడు. తర్వాతి యుద్ధానికి నది కావాలని చెప్పాడు. మొగులయ్య ఏదో అనబోయేసరికి అతని ఫోన్ మోగింది. పేరు చూసుకుని ఎత్తాడు.

"లేదే భాయ్, జాగా ఖాళీ లేదు. పని నడుస్తున్నది." ఫోన్ జేబులో వేసుకుని, దుప్పటి కొస పట్టుకుని నేలను కారుదాకా మోసి వచ్చాడు. తిరిగి వచ్చి మట్టికాళ్లతో గడప దగ్గర ఆగిపోయాడు.

"కాళ్లేడ తుడుచుకోవాలె?"

"బజారుకు పోయి రెండు తే," అన్నాడు బాలమల్లు, నది గీయడానికి కొత్త ప్లైవుడ్ దించుతూ. "మీద రాతలు లేనియి చూసి తే."