పాచి పట్టిన పలకలు

పడవవాడు తెప్ప మీద బోర్లా పడుకుని, మోచేతి దాకా నీళ్ళలో ముంచి, తాడు కొసన వేలాడుతున్న పెంకును మెల్లగా పైకి లాగాడు. గరుకు పెంకు మీద పచ్చటి పాచి మందంగా పట్టింది. దాని పక్కనే వేలాడిన గాజు పలక మీద, గోరు తగిలితే చెదిరిపోయే గోధుమరంగు పొర మాత్రమే ఉంది. ఒకే నీళ్ళు, ఒకే ఎండ, ఆనిన చోటును బట్టి పట్టే పాచి. కంటికి ఆనని ఆ జీవాల సంగతి, వాటికోసమే ఈ పలకలు వేలాడదీయించిన పరిశోధనశాల మేడమ్ చూసుకుంటుంది. పలక ముఖానికి వేలు తగలకుండా పెట్టెలోకి చేర్చడం అతని పని.

ఆ వేళ్ళే ఏడాది పైగా మాట వినడం లేదు. చలి లేకపోయినా వణుకుతున్నాయి. ఎగువన వాన కురిసింది. మధ్యాహ్నానికల్లా మంచినీళ్ళు ఈ ఉప్పు మడుగులోకి దిగుతాయి, ఉప్పు తగ్గితే పాచి తీరే మారిపోతుంది. ఆలోగా పలకలన్నీ ఒడ్డు చేరకపోతే మేడమ్ కష్టమంతా నీళ్ళపాలు. అంతకంటే పెద్ద భయం, ఈ వణుకు ఆమె కంటపడితే పడవ ఇంకొకరి చేతికి పోతుందని. పెళ్ళాం పోయాక అతనికి ఇల్లూ వాకిలీ అన్నీ ఆ పడవే.

అసలు ఈ పని నిలవడమే వింత. అంతకుముందు హోటల్లో గిన్నెలు తోమేవాడు. చేరిన కొత్తలో, మురికి పలకలు మేడమ్ చేతికి ఎలా ఇస్తామని పీచుతో తళతళలాడేలా తోమి ఆరబెట్టాడు. నెలల పని కాలవలో కలిసింది. ఆమె నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది, ఆ తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఇంత బాగా తోమేవాణ్ణి ఎలా పంపించను బాబాయ్? రేపట్నుంచి తోమకు, అంతే."

ఆ మాటకు అతను ఇన్నేళ్ళూ రుణపడే ఉన్నాడు.

చివరి పలక దగ్గర చేయి జారింది. తెప్పకు కట్టిన అతని పడవలో పెట్టె పట్టుకుని కూర్చున్న మేడమ్ చటుక్కున కింద చేయి పెట్టి అందుకుంది.

"చూసేశారా అమ్మా?" అన్నాడు తలదించుకుని.

"పోయినేడే చూశాను బాబాయ్. లేకపోతే రోజూ నీ వెంట పడవెక్కడానికి నాకు పనేం లేదనుకున్నావా?"

అతను తడి చేతులు రెండూ జోడించాడు. "మీరు చల్లగా ఉండాలి తల్లీ" అన్నాడు.

నీళ్ళ రంగు మారకముందే ఒడ్డు చేరారు. పెట్టె దించాక, కాసేపు నడుం వాలుస్తానని పడవలోనే ఒరిగాడు. మేడమ్ టీ పట్టుకొచ్చేసరికి నిద్రలోనే పోయాడు. ముఖం పని ముగించి పడుకున్న మనిషిదిలాగే ఉంది.

అతన్ని మోసుకెళ్ళేటప్పుడు కాలిచెప్పు ఒకటి రేవు మెట్ల పక్కన నీళ్ళలో పడింది, ఎవరూ గమనించలేదు. వానలు వెలిసి నీరు తీశాక అది పాచి పట్టి బయటపడింది. కొత్త పడవవాడు కడగబోతే మేడమ్ వద్దంది. ఇప్పుడది ఆమె కిటికీలో, మడుగు నీళ్ళు పోసిన గాజుతొట్టిలో ఉంది, అరిగిన మడమ దగ్గర నున్నగా, వేళ్ళు నొక్కుకున్న గుంటల్లో పచ్చగా.