తలుపు బొంత

ఏడాదికి రెండుసార్లు, ఎండ ఫెళ్ళున కాసే రోజు చూసుకుని, పిచ్చుకమ్మ మేడమీద బొంతలు దులిపేది. ఆ సంగతి వీధికి ముందురోజే పొక్కేది. "రేపు బొంతలటగా?" అని ఇస్త్రీ కొట్టాయన ఆరా తీసేవాడు. ఎదురింటి తాతగారు వాలుకుర్చీ వరండాలోకి లాగించుకునేవారు. పక్కింటావిడ మాత్రం ఆరేసిన బట్టలు గబగబా లోపలికి మోసుకుపోతూ, "పాటలు బాగానే ఉంటాయి గానీ దుమ్మంతా మా దుప్పట్ల మీదేనమ్మా" అని సణిగేది.

ఎందుకంటే కర్రతో మొదటి దెబ్బ వెయ్యగానే బొంతలోంచి దుమ్ముతో పాటు పాట కూడా లేచేది. ఆ ఆర్నెల్లలో కింద గదిలో ఎవరెవరు పాడారో అందరూ వరసగా బయటికి వచ్చేవాళ్ళు. నర్సమ్మ జోలపాట, సెలూనాయన హుషారు పాట, మధ్యలో ఎవరిదో దగ్గు, "ఆ కుర్చీ కిర్రుమంటోంది, లేచి నిలబడండి" అని ఒక మగగొంతు కసురు. ఏ పాటైనా బొంతలోంచి ఒక్కసారే వస్తుంది. మళ్ళీ వినాలంటే రికార్డు కొనుక్కోవాల్సిందే. కొనమని పిచ్చుకమ్మ మేడమీంచే కేకేసి చెప్పేది కూడా. మొహమాటం ఆమె ఒంట్లోనే లేదు.

కింద గది అంటే రికార్డుల కంపెనీ. కంపెనీ అంటే పిచ్చుకమ్మ, ఆమె భర్త. అంతే. ఆయన రేడియోలు బాగుచేసేవాడు కాబట్టి అందరికీ రేడియో ఆయన. మూతపడ్డ సినిమా హాలు నుంచి ఒక మైకు తెచ్చి, వెనక గదిలో పెట్టి, పాట గోడలకి తగిలి మోగకుండా నాలుగువైపులా బొంతలు వేలాడదీసి, తలుపుకి కూడా ఒకటి మేకులతో కొట్టాడు. లేబులు మీద పిచ్చుక బొమ్మ కూడా ఆయనే గీశాడు. అది కోడిపిల్లలా వచ్చిందని వీధిలో అందరూ నవ్వారు. పిచ్చుకమ్మ మార్చనివ్వలేదు. "మా పిచ్చుక కాస్త బొద్దుగా ఉంటుంది, మీకేం?" అంది. ఆ పేరే ఆమెకి అంటుకుపోయింది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆమె మెడ నిటారుగా అవుతుంది. అట్టలు అంటించడానికి పిండి ఉడికించి, అన్నం తినే బల్ల మీదే పరిచేవాళ్ళు. అట్టలు ఆరేదాకా అందరూ నేల మీద కూచుని తినేవాళ్ళు. కత్తులు సానబెట్టేవాడు వీధిలోకి వస్తే పాట ఆపి, వాడు మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి కూచునేవాళ్ళు. పెద్ద కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, పాటల ఎంపిక తమకి వదిలేస్తే పిచ్చుకని కూడా ఉంచుతామన్నాడు. పిచ్చుకమ్మ ఆయనకి మంచి టీ ఇచ్చి, గుమ్మం దాకా సాగనంపింది. ఆ మర్యాద గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

పెద్ద కంపెనీల గుమ్మం ముందు గొంతులు వరస కట్టాలి. పిచ్చుకమ్మ అలా కాదు, తనే వెతుక్కుంటూ వెళ్ళేది. కూరలు కొంటున్నా, ఆస్పత్రిలో కూచున్నా ఒక చెవి గొంతుల మీదే పడేసి ఉంచేది. కండక్టరమ్మ గొంతు అలాగే దొరికింది. కిక్కిరిసిన బస్సు, ఇంజను రొద, దాని మీదుగా "ఆస్పత్రీ... ఆస్పత్రి!" అని ఒక పిలుపు. అరుపు కాదు. చివరి సీటు నుంచి డ్రైవరు దాకా నీళ్ళ మీద పడవలా వెళ్ళింది.

"నువ్వు పాడతావా అమ్మా?"

"పాడితే బస్సు ఆగిపోతుందండీ. టిక్కెట్ తీసుకోండి."

నెల తిరక్కుండా ఆమెని గదిలో నిలబెట్టింది. అందరూ కిటికీ వైపు తిరిగి పాడతారు. ఈమె గొంతుకి, శబ్దం ఎంతుందో చూపించే మీటరు ముల్లు చివరికంటా కొట్టుకోవడంతో, రేడియో ఆయన ఆమెని వెనక్కి తిప్పి తలుపు వైపు మొహం పెట్టించాడు. ఒక్కసారే పాడింది. డ్యూటీ టైమైందని వెళ్ళిపోయింది. మామూలుగా అయితే రేడియో ఆయన ప్రతి పాటనీ నాలుగుసార్లు పాడించి చంపేవాడు. ఆ రోజు ఇంకోసారి అనలేదు.

ఫ్యాక్టరీ నుంచి రికార్డులు వచ్చాయి. నడిమి చిల్లు వెంట్రుకవాసి పక్కకి పడింది. ఒక్కదాంట్లో కాదు, అన్నిట్లోనూ. చిల్లు పక్కకి పడితే రికార్డు తిరిగిన ప్రతిసారీ పాట కాస్త పైకి లేచి కాస్త కిందికి దిగుతుంది. కండక్టరమ్మ చుట్టాలందరినీ పిలిచి, మధ్యలో కూచుని, తన పాట పెట్టించింది. పాట ఊయల ఊగింది. అయ్యాక మరిది, "బస్సులో నిలబడి పాడావా ఏంటి వదినా?" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, లోపలికి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చింది.

తప్పు చిల్లుది, నీది కాదని పిచ్చుకమ్మ ఎంత చెప్పినా ఎక్కలేదు. అసలు టేపు ఫ్యాక్టరీ గోదాములోకి నీళ్ళొచ్చి పాడైపోయింది. రేడియో ఆయన గుండ్రటి ఆకురాయితో ఒక రికార్డు చిల్లు పెద్దది చేసి, సరిగ్గా నడిమికి సర్ది, తిప్పి వినిపించాడు. పాట తిన్నగా వచ్చింది. కండక్టరమ్మ విని, "మీ చేతిలో పడితే ఏదైనా బాగుపడుతుందండీ" అంది. ఊళ్ళో రేడియోలన్నీ బాగుచేసే మనిషి తన పాటని కూడా బాగుచేశాడనుకుంది. బాగుచేశాడంటే ముందు పాడైనట్టేగా! రేడియో ఆయన ఆకురాయిని పెట్టెలో పడేశాడు.

ఆ తరవాత ఆమె పాడలేదు. పాట సంగతి సరే, స్టాపుల పేర్లు పిలవడం కూడా మానేసి, విజిల్‌తోనే పని కానిచ్చేది. స్నేహంలో లోటు లేదు. పండో ఫలమో తెచ్చేది, రేడియో ఆయన పోయినప్పుడు పిచ్చుకమ్మ పక్కనుంచి కదల్లేదు. పాట మాటెత్తితే మాత్రం, "ఆ ఒక్కటీ అడక్కండి" అనేది. కంపెనీని ఇప్పుడు కూతురు చూసుకుంటోంది. మిషన్లు మారాయి, పిచ్చుక అదే. పిచ్చుకమ్మకి మాత్రం ఒకటే ముల్లు. తమ దగ్గర పాడినవాళ్ళందరూ గుమ్మం దాటేటప్పుడు తల ఎత్తుకుని వెళ్ళారు, ఈమె ఒక్కతే దించుకుంది.

గది తలుపుకి చెదలు పట్టడంతో వడ్రంగిని పిలవాల్సి వచ్చింది. తలుపు మీది బొంతని ఇన్నేళ్ళలో ఎవరూ ఊడదీయలేదు. రేడియో ఆయన దాన్ని మేకులతో దిగ్గొట్టిన తీరు అలాంటిది.

"ఇన్ని మేకులేంటమ్మా, తలుపు పారిపోతుందనా?" అని నవ్వుతూ వడ్రంగి ఒక్కొక్కటే పీకాడు. బొంత చేతికి రాగానే గడప మీద ఒక్కసారి బాదాడు.

దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఒక ఆడగొంతు, పొడుగ్గా ఒకే ఒక్క ఆలాపన.

"గొంతు బాగుంది. దుమ్ము కూడా బానే ఉంది" అంటూ వడ్రంగి మళ్ళీ చెయ్యెత్తాడు.

"ఆపు! ఇంకో దెబ్బ వేశావంటే చూడు!" పిచ్చుకమ్మ వంటింట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. బొంతని లాక్కుని గుండెకి హత్తుకుంది.

కూతురు పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, టేపు పెట్టనా?"

"ఎన్నిసార్లు పెట్టి చూశాం? కర్ర దెబ్బలు తప్ప ఏమైనా పడిందా?"

"పోనీ కండక్టరమ్మని పిలుద్దాం."

"బొంత వినడానికి రమ్మంటే వచ్చే మనిషా? నేనే వెళ్ళాలి. అది కూడా ఇవాళే. ఊరికే పెట్టినా రాలిపోయేలా ఉంది."

పిచ్చుకమ్మ బొంతని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధిలో నడిచింది. కాలువ దాటుతుంటే కాలు కాస్త తడబడి, బొంతలోంచి పాటలో ఒక సంగతి జారింది. ఇస్త్రీ కొట్టాయన తలెత్తి, "బొంతల రోజు ఇవాళ కాదుగా అమ్మా?" అన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఉన్నది ఒక్క పాట. దారిలో ఒలికిపోతే కండక్టరమ్మ ఎప్పటికీ విజిలే ఊదుతుంది.

కండక్టరమ్మ బస్సు వచ్చింది. ముందు వైపు నుంచి ఎక్కి డ్రైవరు దగ్గర వంగి, "ఇవాళ గోతులు తప్పించకు నాయనా" అంది.

"తప్పించమని తిట్టేవాళ్ళే గానీ ఇలా అడిగినవాళ్ళు లేరు పెద్దమ్మా" అన్నాడతను.

వెనక్కి వెళ్ళి, చక్రం పైన ఉండే సీట్లో, ఎక్కువ కుదుపు తగిలే చోట కూచుంది. బొంతని పక్కన పెట్టింది. కండక్టరమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది, మెళ్ళో విజిలు.

"ఆస్పత్రికి ఒకటి. దీనికొకటి."

"బొంతకెందుకండీ? ఒళ్ళో పెట్టుకోండి."

"పెట్టుకోను. సీటు కావాలి దీనికి. కొట్టమ్మా టిక్కెట్టు."

"బొంతకి టిక్కెట్ కొట్టడం నా సర్వీసులో ఇదే మొదలు" అని కొట్టి, ముందుకు వెళ్ళిపోయింది.

పైపుల కోసం తవ్వి వదిలేసిన రోడ్డు మొదలైంది. డ్రైవరు మాట నిలబెట్టుకున్నాడు. మొదటి గోతిలో చక్రం పడగానే బొంత ఎగిరి పడింది, పాట మొదలైంది.

రెండో గోతికి పల్లవి అందుకుంది. ఆ పైన ఆగలేదు. బస్సు ఊగుతోంది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు, సామాన్లు దొర్లుతున్నాయి, కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. గొంతు మాత్రం ఊగట్లేదు. బారుగా, తిన్నగా వెళ్తోంది. మాట్లాడుకునేవాళ్ళు ఆగారు. ఎవరో దుమ్ముకి తుమ్మబోయి ముక్కు పట్టుకున్నారు. పిచ్చుకమ్మకి అంత గర్వం ఎప్పుడూ కలగలేదు, ఆమె కళ్ళు తుడుచుకోలేదు కూడా.

కండక్టరమ్మ కమ్మీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చింది. పాట అయ్యేదాకా బొంత వంకే చూస్తూ నిలబడింది. అయ్యాక గొంతు సవరించుకుంది.

"బాగుందండీ. కానీ ఈ బొంత కూడా మీదేగా. మీ ఇంటిది మీలాగే మర్యాదగా ఉంటుంది. ఒకరి మనసు నొప్పించదు."

విజిలు నోటి దగ్గర పెట్టుకుంది. పిచ్చుకమ్మ బొంతని చేత్తో తడిమింది. ఉన్న ఒక్క పాటా అయిపోయింది, ఇంక చెప్పడానికి ఏమీ లేదు. అప్పుడు ఇంకో గొయ్యి వచ్చింది.

బొంతలోంచి చెప్పుల చప్పుడు. "వెళ్ళొస్తానండీ, డ్యూటీ టైమైంది" అని కండక్టరమ్మ పడుచు గొంతు. తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు. తరవాత రేడియో ఆయన గొంతు.

"వెళ్ళిందా?"

"వెళ్ళింది." ఇది పిచ్చుకమ్మే. ఇంత సన్నటి గొంతు తనకి ఉండేదని ఆమె మర్చిపోయింది.

"మీటరు చూడటమే మర్చిపోయానే."

"అయితే మళ్ళీ పాడిద్దామా?"

"పిచ్చిదానా! ఇన్ని రేడియోలు విప్పాను, ఒక్కదాంట్లోంచీ ఇలాంటి గొంతు రాలేదు. మనం కంపెనీ పెట్టింది ఈ ఒక్క పాట కోసమేనేమో."

"ఆ ముక్క ఆ అమ్మాయితోనే అనొచ్చుగా?"

"అంటే పొగుడుతున్నాననుకుంటుంది. రికార్డు రానీ, తనే వింటుందిలే."

కుర్చీ కిర్రుమంది. బొంతలో దుమ్ము అయిపోయింది.

పిచ్చుకమ్మ బొంత మీద చెయ్యి వేసి కూచుంది. ఆయన ఆ మాట అన్నాడని ఆమెకి గుర్తే లేదు. ఆయన గొంతు మళ్ళీ వింటానని అనుకోనూ లేదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"ఇది... నేను బయటికి వెళ్ళాక మాట్లాడుకున్నది" అంది కండక్టరమ్మ.

"ఆఁ."

"నా వెనకాల."

"నీ వెనకాలే."

కండక్టరమ్మ పక్క సీటు కమ్మీకి ఆనుకుంది. మొహం మీద పన్నీటి చుక్కలు పడ్డట్టు కనురెప్పలు టపటపలాడించింది. వెనకాల మాట్లాడుకున్న మాట నిజం కాకుండా ఎలా ఉంటుంది? ఇన్నేళ్ళూ మొహం మీద చెప్పినదాన్ని జాలి అనుకుంది. చిల్లు గురించి చెప్పినా జాలి, ఆకురాయితో సరిచేసినా జాలి. ఇప్పుడు అనుకోవడానికి జాలి ఎక్కడా మిగల్లేదు.

"ఇది తలుపు మీది బొంతేగా. తలుపు మారుస్తున్నారా?" అంది.

"వడ్రంగి ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రానికి పెట్టేస్తాడు."

"దానికి కొత్త బొంత కొట్టించండి. ఆదివారం నాకు డ్యూటీ లేదు."

"ఈసారి చిల్లు నేనే దగ్గరుండి పొడిపిస్తాను."

"ఎటు పడితే అటు పొడుచుకోమనండి" అంది కండక్టరమ్మ. "నాకేం భయం?"

బస్సు మలుపు తిరిగింది. ఆమె చెయ్యి అలవాటుగా విజిల్ మీదికి వెళ్ళింది. దాన్ని చొక్కా జేబులోకి తోసేసి, ఊపిరి నిండా పీల్చుకుంది.

"ఆస్పత్రీ... ఆస్పత్రి!"

పిలుపు ఇంజను మీదుగా డ్రైవరు దాకా వెళ్ళి, కిటికీలోంచి బయటికి కూడా వెళ్ళింది. పేవ్‌మెంటు మీద నడుస్తున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. దిగాల్సినవాళ్ళు దిగకుండా ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు.

పిచ్చుకమ్మ దిగలేదు.

"మీ స్టాపు వచ్చిందండీ."

"నువ్వు ఇంకా చాలా స్టాపులు పిలవాలిగా. చివరిదాకా కొట్టు టిక్కెట్టు."

"బొంతకి కూడానా?"

"అక్కర్లేదు" అంది పిచ్చుకమ్మ. "ఇప్పుడది ఒట్టి బొంతే. ఒళ్ళో పెట్టుకుంటాను."