అత్త బండికి చలి

నాన్న చెల్లెలు, అంటే మా అత్త, బండి తీసుకుని నాన్న మెకానిక్ షెడ్డుకు వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది. దిగుతూనే తలుపు ధడాలున వేసి, "అన్నయ్యా, రేపు తెల్లారేలోగా దీనికి వేడి పుట్టించకపోతే నా పని గోవిందా," అంది.

అత్త తెల్లవారుజామున ఆసుపత్రి నర్సులను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని డ్యూటీకి దింపుతుంది. పది రోజులుగా చలి ముదిరింది. హీటరు వేస్తే చల్లగాలి వస్తోంది. ముందు అద్దానికి ఆవిరి పట్టి దారి కనిపించడం లేదు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ. రేపు కూడా ఇంతే అయితే వేరే బండి మాట్లాడుకుంటామని పెద్ద నర్సు చెప్పేసింది.

"ఎక్కగానే 'అక్కా, ఇది కారా, ఐసు పెట్టెనా?' అని ఒకటే ఎగతాళి," అంది అత్త.

నాన్న బానెట్ ఎత్తాడు. "ఇంజిను వేడి చూపే ముల్లు కింది నుంచి లేవడం లేదంటే ముల్లుకే రోగం," అని తేల్చి సెన్సరు మార్చాడు. కొత్తది పెట్టినా ముల్లు కదలలేదు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. అయినా షెడ్డులో నాన్న అడిగితే తప్ప నోరు విప్పను. ఆయన అడగలేదు. అత్తే నా వైపు తిరిగి, "ఏమే కోడలా, అంత లావు పుస్తకాలు చదివావు. చలి గురించి ఒక్క ముక్క కూడా లేదా వాటిలో?" అంది.

"ఉందత్తా. ఒకసారి స్టార్ట్ చెయ్యి."

ఇంజిను నుంచి రేడియేటరుకు వెళ్లే పై గొట్టం మీద చేయి పెట్టాను. మామూలుగా ఇంజిను బాగా కాగేదాకా ఆ గొట్టం చల్లగానే ఉండాలి. మధ్యలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. నీళ్లు తగినంత కాగాకే అది తెరుచుకుని, చల్లారడానికి వాటిని రేడియేటరులోకి వదులుతుంది. ఈ బండిలో మొదటి నిమిషం నుంచే గొట్టం ఇంజినుతో పాటు నులివెచ్చనవుతోంది.

"నాన్నా, తలుపు తెరిచే ఉండిపోయినట్టుంది. కాగకముందే నీళ్లు చల్లారిపోతున్నాయి."

నాన్న తన చేయి కూడా పెట్టి చూశాడు. ఇంజిను ఆపి, స్పానరు అందుకున్నాడు. కాసిని నీళ్లు కింద తొట్టిలోకి వదిలి, రెండు బోల్టులు విప్పి మూత తీశాడు. తలుపు తెరిచి లేదు. అసలు తలుపే లేదు.

నాన్నకు కోపం నషాళానికి అంటింది. "ఏ దద్దమ్మ చేశాడే ఈ పని? వాడి చేతికి స్పానరు ఇచ్చిందెవడు?"

"మరీ అంత తిట్టకన్నయ్యా. నేనూ వాడూ ఒక తల్లి బిడ్డలం," అంది అత్త.

నాన్న మూత చేత్తో పట్టుకుని అత్త వైపు తిరిగాడు.

"ఎండాకాలంలో బండి మరుగుతోందంటే నువ్వే కదా తీశావు? 'అడ్డం పీకేశాను, ఈ జన్మలో ఇక వేడెక్కదు పో' అన్నావు. మాట మీద నిలబడ్డావు."

నాకు నవ్వు వచ్చింది కానీ నాన్న మొహం చూసి ఆపుకున్నాను. "మా గురువుగారు నేర్పిన పని," అన్నాడాయన నెమ్మదిగా. "మరిగే బండికల్లా అదే చేశాను."

"అదే రోజు రేడియేటరు కూడా కడిగావు కదా నాన్నా. గుప్పెడు బురద వచ్చింది. మరగడం దానివల్లే అయ్యుండాలి. థర్మోస్టాట్ తప్పు లేదేమో."

"లేదేమో అంటే కుదరదు. తేల్చుకుందాం."

ఆదివారం కాబట్టి షాపులు లేవు. కానీ నాన్న విప్పిన భాగాన్ని పారేసే మనిషి కాదు. ప్రతిదానికీ దారంతో చీటీ కట్టి, బండి నంబరు రాసి దాస్తాడు. అటక మీది రేకు డబ్బా దించితే పదకొండు థర్మోస్టాట్లు బయటపడ్డాయి. అత్త బండిది ఏడోది.

నీళ్లలో కాచి చూద్దామని దాన్ని షెడ్డు వెనకాలే ఉన్న ఇంట్లోకి తెచ్చాం. వంటింట్లో అమ్మ అడ్డం పడింది. "నా పాలగిన్నెలో ఇనప సామానా? ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను!"

చివరికి ఒక పాత సత్తుగిన్నె ఇచ్చింది. నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీశాం. నలుగురం గిన్నె మీదికి వంగాం. నీళ్లలోంచి పొగలు లేచి, మరగడానికి ఇంకాస్త ఉందనగా తలుపు మెల్లగా తెరుచుకుంది. బయటికి తీస్తే మూసుకుంది. నాన్న మూడుసార్లు ముంచి తీశాడు.

"పాపం, నిర్దోషి," అన్నాడు.

కొత్త రబ్బరు రింగుతో దాన్ని దాని చోట్లో బిగించాడు. నేను నీళ్లు నింపి, లోపలి గాలి పోయేదాకా ఇంజిను తిప్పాను. ముల్లు మధ్యకు వచ్చి ఆగింది. అత్త హీటరు ముందు మొహం పెట్టి కళ్లు మూసుకుంది.

మర్నాడు ఏడింటికి ఫోను చేసింది. "అన్నయ్యా, వెచ్చగా ఉందని అందరూ గుర్రు పెట్టారు. ఆసుపత్రి దగ్గర లేపి దింపాల్సి వచ్చింది. వేరే బండి మాటే ఎత్తలేదు పెద్ద నర్సు!"

నాన్న ఫోను పెట్టేసి, రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని, చీటీలు ఒక్కొక్కటే చదివాడు. తర్వాత మళ్లీ ఫోను అందుకున్నాడు.

"నమస్కారమండీ. మీ బండిలోది ఒక భాగం నా దగ్గరే ఉండిపోయింది. అబ్బెబ్బే, దొంగతనం కాదండీ, తెలివితక్కువతనం. వీలు చూసుకుని ఒకసారి తీసుకురండి, పెట్టేస్తాను."