జాలారిపేటలో ఒకే ఒక్క ఫారిన్ రిటర్న్

జాలారిపేట మొత్తానికి ఫారిన్ రిటర్న్ అంటే కోటి ఒక్కడే. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఒకరిద్దరు లేకపోలేదు. కానీ వాళ్ళు ఏజెంటుకి డబ్బు పోసి, పాస్‌పోర్టు చేయించుకుని, లైన్లో నిలబడి మరీ వెళ్ళారు. అలా ఎవరైనా వెళ్తారు, అందులో గొప్పేముంది? కోటి పాస్‌పోర్టు లేకుండా వెళ్ళాడు, టిక్కెట్టు లేకుండా వెళ్ళాడు, నెలల తరబడి అక్కడ పైసా ఖర్చు లేకుండా తిని పడుకున్నాడు, చివరికి ప్రభుత్వం ఖర్చుతో తిరిగొచ్చాడు. స్టేషన్లో రైలు దిగగానే మెడలో దండ కూడా పడింది.

జరిగిందేమిటంటే, కొన్నేళ్ళ క్రితం కోటి వెళ్ళిన మరబోటు చేపల వెంటపడి ఉత్తరంగా పోయి పోయి, నీళ్ళ మీద కనబడని గీత ఒకటి దాటి బంగ్లాదేశ్‌లో తేలింది. అక్కడి నేవీ వాళ్ళు బోటుతో సహా అందర్నీ పట్టుకుని జైల్లో పెట్టారు. ఏడాది తిరిగేలోగా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని మనుషుల్ని వదిలిపెట్టాయి. అంతే, అప్పట్నుంచీ పేటలో ఎవరికి ఏ విదేశీ సందేహం వచ్చినా కోటి గుమ్మం ముందు తేలేవారు. దుబాయ్‌లో ఎండెంత, సింగపూర్‌లో జీతమెంత, అమెరికాలో అప్పడాలు దొరుకుతాయా, ఏది అడిగినా కోటి తడుముకోడు. "అక్కడైతే..." అని మొదలుపెడతాడు. ఆ అక్కడ ఎప్పుడూ ఒకటే అక్కడ.

ఈ కోటి ఆశకి మేనమామ. ఆశ తల్లి గంగాలమ్మకి స్వయానా తమ్ముడు. మేనమామంటే ఆశకి ప్రాణమే, కానీ ఆయన ఫారిన్ కబుర్లు మొదలైతే మాత్రం లేచి అవతలికి పోయేది.

ఆశ ఫుడ్ టెక్నాలజీలో డిగ్రీ పూర్తి చేసింది. గంగాలమ్మ కంచరపాలెం బజార్లో చేపలమ్ముతుంది. మధ్యాహ్నం దాటేసరికి మిగిలిన చేప మెత్తబడిపోవడం, తల్లి దాన్ని సగం ధరకి వదిలించుకుని మొహం వేలాడేసుకుని ఇంటికి రావడం ఆశ చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉంది. చేప పాడవకుండా ఎలా నిలవ ఉంచాలో నేర్చుకోవాలని ఆమె కోరిక. అది బాగా నేర్పే చదువు రెండు దేశాల్లో కనబడింది.

ఒకటి బ్రిటన్. ఒక్క ఏడాది చదువు, సీటు చేతిలోకి వచ్చేసింది, సోమవారంలోగా అడ్వాన్సు కట్టాలి. ఆ అడ్వాన్సు కావాలంటే తండ్రి కన్నబాబు, మావ కోటి సగం సగం పెట్టి కొన్న ఫైబర్ బోటు అమ్మాలి. రెండోది జర్మనీ. ఫీజు లేదు. కాకపోతే ఏడాది తిండి ఖర్చు ముందే అక్కడి బ్యాంకులో వేసి చూపించాలి. బోటు జోలికి పోకుండా అది కూడబెట్టాలంటే ఆశ రెండేళ్ళు రొయ్యల కంపెనీలో పనిచేసి, మిగతాది లోను తీసుకోవాలి. రెండేళ్ళు ఆగడానికి ఆశకి మనసొప్పలేదు. తనతో చదివిన హిమబిందు అప్పటికే బ్రిటన్‌లో మంచులో నిలబడి ఫొటోలు పెడుతోంది మరి.

శనివారం సాయంత్రం ఇంటిముందు పంచాయితీ పెట్టారు.

"మన కోటిగాడుండగా బయటోళ్ళని అడగడమేటి?" అంది గంగాలమ్మ.

"అమ్మా, మావ ఎల్లింది జైలుకే!" అంది ఆశ.

"జైలైతే ఏటే? ఫారిన్ జైలు కాదేటి?"

కోటి వచ్చాడు. ఐస్ టబ్బు బోర్లించి దాని మీద కూర్చున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"దేశాలు సెప్పవే" అన్నాడు.

ఆశ బ్రిటన్ గురించి చెప్పింది.

"అన్నం ఎన్ని పూట్ల పెడతారు?"

"ఆళ్ళు పెట్టరు మావా. మనమే వండుకోవాలి."

"అదేటే! అంత డబ్బు గుంజుకుని అన్నం పెట్టరా? నా దగ్గర రూపాయి తీసుకోకండా రెండు పూట్లా పెట్టీవోరు. శుక్రవారం సేప కూడాను. దుప్పటో?"

"మనమే కొనుక్కోవాలి."

"దుప్పటి కూడానా! మరి పొద్దున్నే మనుసుల్ని లెక్క ఎట్టడానికి ఎవుడైనా వస్తాడా?"

"ఎవరూ రారు. మనం ఉన్నామో పోయామో ఎవరికీ పట్టదు."

కోటి అక్కవైపు జాలిగా చూశాడు. "ఈ దేశం బాగోనేదే అక్కా" అన్నాడు.

తర్వాత జర్మనీ విన్నాడు. మన డబ్బే వాళ్ళ బ్యాంకులో కట్టేసి, నెలనెలా కొంచెం కొంచెం మనకే ఇస్తారని ఆశ చెప్పేసరికి బుర్ర గోక్కున్నాడు.

"మనిసి తప్పు సేస్తే మనిసిని లోపలేస్తారు. డబ్బేటి తప్పు సేసింది?"

ఏడాదికోసారి కూడా నవ్వని కన్నబాబు అప్పుడు గట్టిగా నవ్వేశాడు. నవ్వి, మళ్ళీ మామూలు మొహం పెట్టుకుని, "కోటీ, బోటుని పోలిరాజు అడుగుతున్నాడు. రేపు సాయంత్రం అడ్వాన్సు అట్టుకొస్తానన్నాడు. నీ వాటా కూడా ఉన్నాది కదా, ఏటంటావు?" అన్నాడు.

కోటి కాదంటే కథ అక్కడితో సరి.

"అనడానికేటున్నాది బావా? నా వాటా కూడా అమ్మీ" అన్నాడు కోటి, బీడీ అడిగినంత తేలిగ్గా. "మన గుంట సదువు కంటే ఎక్కువేటి? కాపోతే, దీన్ని పంపిస్తానన్న ఆ ఆఫీసోణ్ణి నాను ఒకపాలి సూడాలి."

అందుకని ఆదివారం పొద్దున్న ఆశ, గంగాలమ్మ, కోటి ద్వారకానగర్ బయల్దేరారు. అక్కడొక కల్యాణ మండపంలో ఆశకి సీటిప్పించిన కన్సల్టెన్సీ వాళ్ళు విదేశీ చదువుల మేళా పెట్టారు. ముందురోజు పెళ్ళి తాలూకు అరటి ఆకులు ఇంకా గుమ్మానికే ఉన్నాయి. వాటి కింద కెనడా జెండా, ఐర్లాండ్ జెండా. వధూవరులు కూర్చునే పీటల మీద ఒక ప్రొజెక్టరు. ఉక్కబోతకి జనం కరపత్రాలతో విసురుకుంటూ ఉంటే, కన్సల్టెన్సీ యజమాని ఉదయ్‌కుమార్ ఒక్కడే కోటు వేసి టై కట్టుకుని చెమటతో కారిపోతున్నాడు.

ఆయన కారిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. లండన్‌లో చదివొచ్చి అనుభవాలు చెబుతానన్న కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదు. హాలు నిండా తల్లిదండ్రులు వేదిక వైపు చూస్తున్నారు.

ఆశ బ్రిటన్ బల్ల దగ్గర కాగితాలు నింపుతోంది. ఆ సమయంలోనే గంగాలమ్మ చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఉదయ్‌కుమార్ దగ్గరికి వెళ్ళి, "మా తమ్ముడు ఫారిన్ ఎల్లొచ్చినోడే బాబూ" అని ఒక మాట అంది.

"అలాగా! ఎన్నాళ్ళున్నారు సార్ అక్కడ?" అన్నాడు ఉదయ్‌కుమార్.

"పది నెలలు ఉంటాది."

"అకామడేషన్?"

"గవర్నమెంటుదే బాబూ."

"ఫుడ్డు?"

"అదీ గవర్నమెంటుదే."

ఉదయ్‌కుమార్ కళ్ళు మెరిశాయి. స్కాలర్‌షిప్పు మనిషి దొరికాడనుకున్నాడు. ఇంకో ప్రశ్న అడిగి ఉంటే బాగుపడేవాడు. అడగలేదు. కోటి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టేశాడు.

మైకులో మావ గొంతు వినబడేసరికి ఆశ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"అందరికీ నమస్కారాలు. నా పేరు కోటి. నాను ఎల్లింది బంగ్లాదేశ్. ఫీజు లేదు. పరీక్ష లేదు. బ్యాంకులో డబ్బు సూపించక్కర్లేదు. ఆళ్ళే వచ్చి తీసుకెల్లారు."

హాల్లో ఊగుతున్న కరపత్రాలు ఆగాయి. ఎవరో తండ్రి పక్కాయనతో, "నిజమేనండీ, అక్కడ డాక్టర్ చదువు కూడా చవకట" అన్నాడు.

కోటికి జనం వింటుంటే ఎక్కడలేని ఊపు వస్తుంది. అన్నం సంగతి చెప్పాడు, శుక్రవారం చేప సంగతి చెప్పాడు. పొద్దున్నా సాయంత్రం లెక్కెట్టేవారని, చీకటి పడకుండానే తలుపులు వేసేసేవారని చెప్పాడు. "డిసిప్లిన్!" అని ఒక తల్లి పక్కనున్న కూతుర్ని మోచేత్తో పొడిచింది. అక్కడ ఉండగానే బంగ్లా మాట్లాడ్డం వచ్చేసిందని చెప్పి నాలుగు ముక్కలు మాట్లాడి చూపిస్తే చప్పట్లు మోగాయి. జైలు అన్న మాట మాత్రం రాలేదు. దాచాలని కాదు. పేటలో అందరికీ తెలిసిన సంగతే కదా, ఇక్కడా తెలిసే ఉంటుందనుకున్నాడు.

"అడ్మిషన్లు ఎప్పుడండీ?" అని అడిగాడు మూడో వరసలో బట్టతల ఆయన.

"జూన్ మద్దిలో, వేట నిషేధం ఎత్తీసినాక."

ఆయన రాసుకున్నాడు. "సీట్లు ఎన్నుంటాయి?"

"బోటుకి ఎంతమంది పడితే అంతమంది."

అదీ రాసుకున్నాడు. వేదిక పక్కన ఉదయ్‌కుమార్ మొహం మాత్రం నెమ్మదిగా పాలిపోతోంది.

ఆశకి తల కొట్టేసినంత పనైంది. రేపు తనని బ్రిటన్ పంపించాల్సిన మనిషి ముందు, ఊరందరి ముందు, మావ నవ్వులపాలు కాబోతున్నాడు. దీన్ని ఎలాగైనా ఆపాలి. ఏం అనాలో తోచక, ఉన్నచోటే లేచి నిలబడి, కోపంగా అరిచింది.

"అంత బాగుంటే ఎందుకొచ్చీసావు మావా?"

కోటి గొంతు వచ్చిన దిక్కు చూశాడు. మేనకోడలు కనబడగానే నవ్వాడు, ఏదో అనబోయాడు. ఇన్నేళ్ళలో ఎంతమందో ఎన్నో అడిగారు గానీ, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"వొగ్గీసారు, వచ్చీసాను" అన్నాడు. "జైల్లోంచి వొగ్గీసాక ఉంటామన్నా ఉండనివ్వరు కదే."

హాలంతా గుసగుసలు లేచాయి. కోటికి అవి వినబడలేదు. అతను ఆశతోనే మాట్లాడుతున్నాడు.

"మనుసుల్ని వొగ్గీసారమ్మా. బోటుని వొగ్గలేదు. అది ఆళ్ళ ఒడ్డునే ఇసకలో పుచ్చిపోయింది. అందులో మీ నాన్నా నానూ సెరో వాటా ఎట్టాం. అక్కడుండగా ఇంటికెల్లాలని ఏడిసాను. ఇంటికొచ్చాను. దండేసారు. తెల్లారి లేసి ఒడ్డుకెల్లాను. అందరి బోట్లూ ఎల్లిపోతన్నాయి. నాను ఎక్కడానికి బోటు లేదు. ఎవుడైనా పిలిస్తే కూలికి ఎల్లడం, లేపోతే ఆళ్ళ వలలు కుట్టడం. మళ్ళీ ఇంత ఫైబర్ ముక్క కొనుక్కున్నదాకా, జైల్లో కంటే మన ఒడ్డునే ఎక్కువ ఏడిసాను. ఎవుడికీ సెప్పలేదు. ఫారిన్ సంగతులడుగుతారు గాని ఇదెవుడడుగుతాడు?"

మైకు ఎవరి చేతికివ్వాలో తెలియక కోటి అటూ ఇటూ చూశాడు. "ఎల్లడానికి తోవ ఈ బాబు సెప్తాడు. మంచోడే. వచ్చినాక దేని మీద నిలబడాలో మాత్రం ఇంటికాడే సూసుకోండి" అని, మైకుని పెళ్ళిపీటల మీద పెట్టి దిగిపోయాడు.

ఆశ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పదిసార్లు లేచి వెళ్ళిపోయింది కదా ఈయన కబుర్లకి, ఒక్కసారైనా చివరిదాకా కూర్చుని ఉంటే బాగుండేదనిపించింది. అంతలో మూడో వరసలోంచి బట్టతల ఆయన లేచాడు.

"జైలు సంగతి సరేనండీ. ఫుడ్డు మాత్రం ఫ్రీయే కదా?"

ఇంటికి వచ్చేసరికి పోలిరాజు అడ్వాన్సు డబ్బు జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కన్నబాబు అతనికి టీ ఇచ్చి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, డబ్బందుకోవడానికి చెయ్యి చాపాడు.

"నాన్నా, తీసుకోకు" అంది ఆశ.

కన్నబాబు చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"బోటు అమ్మొద్దు. రేపు నాను బ్రిటన్‌కి డబ్బు కట్టను. రొయ్యల కంపెనీలో చేరతాను. రెండేళ్ళయ్యాక జర్మనీ ఎల్తాను. కట్టేసిన డబ్బైనా నెలనెలా మన చేతికే వస్తాది. బోటు పోతే రాదు."

పోలిరాజు టీ తాగి, మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు. కన్నబాబు సముద్రంవైపు తిరిగి, బోటు ఉన్నచోటే ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. కోటి మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఏటే నువ్వు సేత్తన్న పని? నా మాటలిని ఆగిపోతావా? నానేటి సదువుకున్నోణ్ణా, ఉజ్జోగస్తుణ్ణా? తోవ తప్పి జైలుకెల్లినోణ్ణి! నా మాటకేటే ఇలువ? నా వాటా అమ్మీమని నానే కదా అన్నాను!"

"అన్నావు. రెండోసారి కూడా బోటు లేకండా ఒడ్డున కూకుంటానన్నావు. నాకోసం" అంది ఆశ. "ఫారిన్ సంగతి, నువ్వుండగా బయటోళ్ళని అడగడమేటి మావా?"

కోటి గంగాలమ్మ వైపు చూస్తే ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఐస్ టబ్బు మీద కూలబడి బొటనవేలితో ఇసకని గీయడం మొదలుపెట్టాడు.

"సరే గాని" అన్నాడు, తల ఎత్తకుండానే. "ఆ జర్మనీ ఎల్లినప్పుడు దుప్పటి మాత్రం నాను కొంటాను. ఆళ్ళు కూడా ఇవ్వరు కదా."